నాలుగు వేషాలకు ఒకే సిరా: జాతర నవల ప్రాజెక్టు డైరీ

జనవరి

ప్రాజెక్టు ఇది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర నేపథ్యంగా ఒక చిన్న నవల. డెమీ సైజు, 96 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు (ఒక్కో షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు) ఆరు. అందులో పన్నెండు ఫుల్ పేజీ బొమ్మలు. రాసేది నేనే, బొమ్మలు వేసేది నేనే, దిద్ది అచ్చుకు సిద్ధం చేసేదీ నేనే. జాతర మే నెలలో వస్తుంది. ఆ వారమంతా వీధుల్లో తిరిగి స్కెచ్‌లు వేసుకోవాలి కాబట్టి అప్పటికి కథ మొదటి రాతప్రతి చేతిలో ఉండాలి. వినాయక చవితి లోపల ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి.

ఇల్లు గడిచేది ఈ నవలతో కాదు, వేరేవాళ్ల రాతప్రతులు ఎడిట్ చేసిన డబ్బుతో. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తే కొంత వస్తుంది. కథలకు వచ్చే పారితోషికం నెల అద్దెకు కూడా చాలదు. కాబట్టి మూడు పనులూ చెయ్యాలి, మూడూ బాగా చెయ్యాలి. ఒకదాని వల్ల ఇంకోటి పాడవకుండా ఎలా నడపాలో ఈ పుస్తకం పూర్తయ్యేలోగా తేల్చుకోవాలని ఉంది. అందుకే ఈ డైరీ.

ఈ దారిలో నడిచినవాళ్లు మనకు లేకపోలేదు. అడివి బాపిరాజు నవలలు రాశారు, చిత్రాలు గీశారు, మీజాన్ పత్రికకు సంపాదకత్వం వహించారు. 1895లో పుట్టి 1952లో కన్నుమూసిన మనిషి అంత పని ఎలా చేశారా అని తరచూ అనుకుంటాను. మన చిత్తూరు ప్రాంతంలోనే మధురాంతకం రాజారాం గారు బడిపంతులుగా పనిచేస్తూ వందలాది కథలు రాశారు. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. పొట్ట కోసం ఒక పని, మనసు కోసం ఒక పని అని విడగొట్టుకోవడం వాళ్ల దగ్గర కనబడదు. రెండూ ఒకే మనిషి చేసిన పనులే.

కథ క్లుప్తంగా: చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు కొడుక్కి వేషం వేయిస్తానని ఒక తల్లి మొక్కుకుంటుంది. ఆ మొక్కు తీరలేదు. ఇప్పుడు కొడుక్కి ఇరవై ఆరేళ్లు, బెంగళూరులో ఉద్యోగం. ఈ ఏడు జాతరకు వచ్చి బైరాగి, బండ, తోటి, దొర వేషాలు నాలుగూ వేస్తాడు. నాలుగు రోజుల కథ.

ఫిబ్రవరి

మొదట గంటల లెక్కన పంచుకున్నాను. తెల్లవారుజామున రాత. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఉత్తరం కిటికీ దగ్గర బొమ్మలు, ఎందుకంటే సిరా గీతకు పగటి వెలుతురు కావాలి. భోజనం తర్వాత కంప్యూటర్ ముందు ఎడిటింగ్, దానికి వెలుతురుతో పని లేదు. కాగితం మీద టైంటేబుల్ చాలా బాగుంది.

ఆచరణలో అడ్డొచ్చింది టైం కాదు, చూపు. ఎడిటింగ్ చేసే కన్ను తప్పు కోసం వెతుకుతుంది. అదే దాని పని. రాత్రి తొమ్మిది దాకా ఆ కన్నుతో కూర్చుని, పొద్దున్నే ఐదింటికి లేచి సొంత కథ ముందు కూర్చుంటే ఆ కన్ను ఇంకా మూసుకోలేదు. ఒక వాక్యం రాస్తే దాని క్రియ సరిచేస్తుంది. పేరా పూర్తి కాకముందే మొదటి లైను కొట్టేయమంటుంది. కథ ముందుకు కదలదు.

దీని మీద మిత్రులు చాలామంది ఒకే సలహా ఇచ్చారు: ఎడిటింగ్ తగ్గించు. తగ్గిస్తే అద్దె ఎవరు కడతారు? పైగా ఎడిటింగ్ నాకు ఇష్టమైన పని. ఒకరి వాక్యాన్ని వాళ్ల గొంతు పోకుండా సరిచేసి ఇవ్వడంలో ఉన్న తృప్తి వేరు.

మార్చి

ఎడిటింగ్ బల్ల మీద పెద్ద పని వచ్చి పడింది. రిటైరైన హైస్కూల్ మాస్టారు ఒకాయన జ్ఞాపకాలు. టైపు చేసింది అను ఫాంట్స్‌లో, అంటే యూనికోడ్ కాని పాత పద్ధతిలో. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చినప్పుడు వత్తులు తారుమారవుతాయి, కొన్నిచోట్ల అక్షరం ఒకవైపు, దాని వత్తు ఇంకోవైపు పడుతుంది. సాఫ్ట్‌వేర్ చేసింది చేశాక మిగతాది కంటితోనే చూసుకోవాలి.

ఏ రాతప్రతికైనా మొదటి రోజే ఒక స్టైల్ షీట్ తయారు చేసుకుంటాను. వెళ్లాడు అనాలా, వెళ్ళాడు అనాలా; అంకెలు ఎక్కడ, అక్షరాల్లో ఎక్కడ; ఊళ్ల పేర్లు రచయిత ఎలా రాస్తే అలాగేనా. ఇవన్నీ ఒక పేజీలో రాసి రచయితకు పంపి, ఆయన సరే అన్నాకే పెన్ను పట్టుకుంటాను. తర్వాత మూడు విడతలు. మొదటిసారి వరుస, నిర్మాణం మాత్రమే. రెండోసారి వాక్యాలు. మూడోసారి ప్రూఫు. మూడూ ఒకేసారి చేస్తే టైం కలిసొస్తుందని అనిపిస్తుంది గానీ, కామా వెతికే కంటికి అధ్యాయం లోపల ఉన్న గొయ్యి కనబడదు.

మాస్టారు సంభాషణలన్నీ గ్రాంథికంలోకి మార్చుకుని రాశారు. వాళ్ల నాయన పొలంలో అరక తోలుతూ కూడా పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు. ఫోన్ చేసి అడిగాను, "సార్, మీ నాయన గారు నిజంగా ఎలా మాట్లాడేవారు?" అని. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అచ్చం వాళ్ల నాయన గొంతుతో నాలుగు మాటలు చెప్పారు. అవి యథాతథంగా రాసి పంపమన్నాను. వారంలో ఆ అధ్యాయం తిరిగొచ్చింది. ఇప్పుడు పుస్తకం మొత్తంలో అదే మంచి అధ్యాయం.

ఈ నెలలో నవల రాత ఆగిపోయింది. అయితే ఒక సంగతి గమనించాను. మాస్టారి పని రెండో విడత ముగిశాక, ఒక ఆదివారం నేరుగా కథ దగ్గరికి వెళ్లకుండా రోజంతా బొమ్మలు వేశాను. నామకొమ్ము (వేషానికి ఒంటికి పూసే తెల్ల సుద్ద) కలిపే గిన్నె, మెట్ల మీద విడిచిన చెప్పులు, తల్లి చేతులు. కథలో వచ్చే వస్తువులే, పథకం ఏమీ లేదు. సోమవారం తెల్లవారుజామున కూర్చుంటే వాక్యాలు వచ్చాయి. దిద్దే కన్ను లేదు. చూసే కన్ను ఉంది.

కారణం ఇదనుకుంటున్నాను. చెయ్యి గీత గీస్తున్నప్పుడు బుర్రలో మాటలు ఉండవు. చేతిని, గిన్నె అంచును చూస్తూ ఉండాలి, అంతే. మాటల గురించిన తగువు ఆ కొన్ని గంటలు ఆగిపోతుంది. అప్పటి నుంచి గంటల పంపకం వదిలేశాను. వారాల పంపకం పెట్టుకున్నాను: ఎడిటింగ్ రోజులు వరుసగా, తర్వాత బొమ్మల రోజు, ఆ తర్వాత రాత రోజులు. ఎడిటింగ్ నుంచి రాతకు నేరుగా అడుగు పెట్టకూడదు, మధ్యలో బొమ్మ ఉండాలి. ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అసలైన పద్ధతి ఇదే.

ఏప్రిల్

మొదటి ప్రతి పూర్తి. ఉగాది దాటింది, ఎండ ముదిరింది.

రెండో ప్రతికి వెళ్లేముందు బొమ్మలతో ఒక పరీక్ష పెట్టాను. ప్రతి సన్నివేశానికీ అగ్గిపెట్టెంత స్కెచ్. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వెలుతురు ఎటునుంచి, చేతుల్లో ఏముంది. గీయడానికి వీల్లేని సన్నివేశాలు వెంటనే బయటపడ్డాయి. మూడో అధ్యాయంలో తల్లీకొడుకులు మొక్కు గురించి వాదించుకుంటారు. రెండు పేజీల సంభాషణ. బొమ్మ వేద్దామంటే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, వెనక ఏమీ లేదు. గదిలో గోడలు కూడా లేవు. మాటలు మాత్రం రాశాను, ఆ ఇల్లు ఇంకా చూడలేదు.

చంద్రగిరి వైపు ఉండే పెద్దమ్మ వచ్చినప్పుడు ఆ అధ్యాయం చదివి వినిపించాను. చిన్నప్పటి నుంచి ఏ జాతరా వదలని మనిషి. విని అంది:

"ఇది నువ్వు మాట్లాడినట్టుండాది పాపా, ఆ తల్లి మాట్లాడినట్టు లేదు. మొక్కుకునింది ఆ యమ్మ. కొడుకును నిలబెట్టి అడుగుతాదా? అన్నం పెట్టేటప్పుడు అడుగుతాది. అదీ వాడి మొకం చూడకుండా."

అంతే. సన్నివేశం వంటింట్లోకి వెళ్లింది. ఆమె సంగటి ముద్ద పెట్టి, ఊరుబిండి వడ్డిస్తూ, పక్కింటి అబ్బాయి పోయినేడు వేసిన వేషం గురించి మాట్లాడుతుంది. తన కొడుకు గురించి ఒక్క మాట అనదు. రెండు పేజీలు ముప్పావు పేజీ అయ్యాయి. ఇప్పుడు బొమ్మ కూడా ఉంది: ముద్ద పెడుతున్న చెయ్యి, కంచం వైపు వంచిన తల. ముఖాలు కనబడక్కర్లేదు.

సంభాషణల్లో మన యాస ఎంతవరకు అన్న ప్రశ్న కూడా అప్పుడే తేల్చేశాను. మాట్లాడేవాళ్లు మాట్లాడినట్టే, కథ చెప్పే గొంతు మాత్రం మామూలు రాత భాషలో. మాస్టారికి చెప్పిన సూత్రమే నాకూ. నా నవలకూ ఒక స్టైల్ షీట్ తయారు చేసుకున్నాను, వేరే రచయితది అయితే ఎలా చేస్తానో అలాగే.

మే, జాతర వారం

ఎడిటింగ్ పనులన్నీ ముందే ముగించి, ఈ వారం ఎవరికీ డెడ్‌లైన్ ఇవ్వలేదు. ఏడాదిలో ఒక్కసారి వచ్చే వారం ఇది. దీని కోసం మిగతా నెలల ఎడిటింగ్ డబ్బు దాచిపెట్టాను. పక్కవాళ్ల వాక్యాలు దిద్ది సంపాదించినదాంతో నేను కొనుక్కున్నది ఈ వారమే. చాలా మంచి బేరం.

చాటింపు అయ్యాక వేషాలు మొదలు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు అని వరుస. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చుకుని తిరిగిందని, దొర వేషంలో వాణ్ని సంహరించిందని కథ. ఆ తర్వాత మాతంగి వేషంలో పాలెగాడి భార్యను ఓదార్చిందట. చంపినవాడి భార్య దగ్గరికి వెళ్లి ఓదార్చిన దేవత! ఈ ఒక్క మాట మీదే ఇంకో నవల రాయొచ్చు.

స్కెచ్‌బుక్ చేతిలో పట్టుకుని తిరిగితే జనం పక్కకు జరిగి చోటిస్తారు. కెమెరా ఎత్తితే మనుషులు ఫోజు పెడతారు, పెన్సిల్‌కు పెట్టరు. చాలాసేపు చూస్తూ ఉంటే మర్చిపోతారు. నాకు కావలసినవి వేషంలో ఉన్న మనిషి దైవంలా నడిచే క్షణాలు కావు, ఆ పక్క క్షణాలు. ఒంటినిండా నామకొమ్ముతో టీ తాగుతున్న కుర్రాడు, మోచేతి మడత దగ్గర ఆరిపోయి బీటలు వారిన తెలుపు. కొడుకు చెవి వెనక మిగిలిపోయిన చోట వేలితో పూస్తున్న తండ్రి. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, చెమట కారిన చారలతో నీడలో కూర్చున్న ఒక పెద్దాయన. చివరి రోజు తెల్లవారుజామున మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం, ఆ బొమ్మ చెంప నరకడం, ఆ మట్టి కోసం చాపిన వందల చేతులు. అక్కడ బొమ్మ గీయలేదు. మట్టి తీసుకున్నాను.

ఒక్క మాట కూడా రాయలేదు ఈ వారం. స్కెచ్‌ల పక్కన విన్న మాటలు మాత్రం రాసుకున్నాను.

జూన్

అసలు కష్టం ఇక్కడుంది. పుస్తకం ఒకే రంగు, నలుపు. రంగుల ఆఫ్‌సెట్‌కు డబ్బు లేదు. పైగా నవలకు నలుపే బాగుంటుందని నా నమ్మకం. వేషాలేమో నాలుగు రంగులు: బైరాగికి నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం. పాఠకుడు పేజీ తిప్పగానే ఏ వేషమో తెలియాలి, అదీ ఒకే సిరాతో.

వాష్ వేసి, అంటే నీళ్లు కలిపిన సిరా పూసి, బూడిద రంగు ఛాయలతో నడిపించొచ్చు. కానీ 70 జీఎస్ఎం నేచురల్ షేడ్ కాగితం సిరా పీలుస్తుంది, చుక్కలు ఉబ్బుతాయి, ఛాయలన్నీ ఒక మెట్టు ముదురవుతాయి. కుంకుమా చందనమూ ఒకేలా మురికిగా వస్తాయి. అందుకే ఛాయలు వద్దు, గీతలు చాలు అనుకున్నాను. ఒక్కో వేషానికి ఒక్కో రకం గీత.

బైరాగి ఒంటికి గీతే లేదు. చుట్టూ ఉన్న వీధిని అడ్డదిడ్డం గీతలతో నింపేసి, మనిషిని ఖాళీ కాగితంగా వదిలేశాను. ఒంటి చుట్టూ హద్దు గీత కూడా లేదు. వీధి ఆగిన చోట మనిషి మొదలవుతాడు. మోచేతి దగ్గర బీటలు మాత్రం సన్నటి పాళీతో. బండ వేషానికి ఒంటి వంపు వెంట సాగే సమాంతర గీతలు, భుజం నుంచి ముంజేతి దాకా విడవకుండా. తోటికి నిండు నలుపు. సిరా బాగా ఆరాక, మందపాటి కార్ట్రిడ్జ్ షీటు మీద బ్లేడు అంచుతో గీకి చెమట చారలు తెల్లగా తీశాను. కళ్లు వదిలేశాను. దొరకు చుక్కలు, చందనం ఆరినచోట దగ్గరగా, పలచనైన చోట దూరంగా. అన్నిట్లోకి ఎక్కువ టైం తిన్నది ఇదే, చూస్తే ప్రశాంతంగా ఉన్నదీ ఇదే.

ఈ గీత గురించి ఆలోచిస్తూ శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ పనివాళ్ల దగ్గర కూర్చుని వచ్చాను. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో నేరుగా గీస్తారు. పాల వల్ల గీత పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిమి ఆ కరక్కాయ తగిలి నల్లబడుతుంది. చెరపడానికి వీల్లేదు. అందుకే చెయ్యి ఆగదు, తొందరా పడదు. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత సిరా. ఇంటికి వచ్చి పెన్సిల్ గీతలు సగానికి తగ్గించాను. బండ వేషం గీతల్లో ఊపిరి వచ్చింది.

ఎండాకాలపు చివర్లో గమనించిన రెండు మాటలు, బొమ్మలు వేసేవాళ్లకు పనికొస్తాయి. ఫ్యాను కింద పాళీ మీద సిరా త్వరగా గడ్డకడుతుంది, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని మాటిమాటికీ కడగాలి. చేతి చెమట తగిలిన కాగితం మీద సిరా చిమ్ముతుంది, అరచేతి కింద ఎప్పుడూ ఒక పాత కాగితం ఉండాలి. అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా గీస్తున్నాను. తగ్గించినప్పుడు గీతల మధ్య సందు పూడుకుపోతుందేమో ముందే జిరాక్స్ తీసి చూసుకుంటాను. స్కానింగ్ 1200 డీపీఐలో, బూడిద రంగు లేకుండా.

జులై

ఒక పిల్లల పుస్తకానికి బొమ్మలు అడిగారు. డబ్బు ఫర్వాలేదు, కానీ ఒప్పందం అంటూ కాగితం ఏదీ లేదు. నేనే ఒక పేజీ ఉత్తరం రాసి పంపాను: ఈ ముద్రణకు మాత్రమే, ఈ-బుక్ వేరు, నా పేరు ఇన్నర్ టైటిల్ మీద ఉండాలి, ఒరిజినల్స్ నావి. వాళ్లు ఒప్పుకున్నారు. మన కాపీరైట్ చట్టం, 1957లో 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లుగా లెక్క. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రం మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లకే వెళ్లే వీలు 17వ సెక్షన్‌లో ఉంది. అందుకే కాగితం ముఖ్యం. అడగడానికి మొహమాటపడే వయసు దాటిన వాళ్లు కూడా ఇది అడగరు. అడగాలి.

నవల రెండో ప్రతి పూర్తయింది. మూడు వారాలు ముట్టుకోకుండా పక్కన పెట్టాను. ఇప్పుడు దిద్దే కన్నుకు పని ఉంది, కానీ దానికి ఆ రాత కొంచెం పరాయిదై ఉండాలి.

ఆగస్టు

ఎడిటింగ్ విడత. మాస్టారి పుస్తకం ఎలా చేస్తున్నానో అలాగే, మూడుసార్లు, విడివిడిగా. నా వాక్యాల మీద జాలి పడలేదు, కక్షా తీర్చుకోలేదు.

పేజీలు పెట్టే పని ఇన్‌డిజైన్‌లో. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటేనే వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అక్షరం 12 పాయింట్లు, లైను 17. తెలుగులో లైన్లు దగ్గరైతే పైలైను వత్తు కిందిలైను గుడికి తగులుతుంది. మాటలు పొడుగు కాబట్టి రెండు వైపులా సమానంగా లాగితే మధ్యలో ఖాళీలు తేలతాయి. సంభాషణలు ఎక్కువున్న పేజీల్లో కుడివైపు వదిలేశాను.

ప్రెస్సు నుంచి డమ్మీ (నమూనా ప్రతి) వచ్చింది. తోటి వేషం బొమ్మ అద్భుతంగా అచ్చయింది, నిండు నలుపు, చెమట చారలు తళతళ. కానీ పేజీ తిప్పితే వెనక నుంచి ఆ నలుపు నీడలా కనబడుతోంది, సరిగ్గా తల్లి కొడుకును మొదటిసారి వేషంలో చూసే పేరా వెనక. ప్రెస్సులో అన్న అన్నాడు, "మందం కాగితం వెయ్యండి మేడమ్, లేదంటే బొమ్మలో నలుపు తగ్గించండి." మందం కాగితానికి ఖర్చు పెరుగుతుంది. నలుపు తగ్గిస్తే అది తోటి వేషం కాదు.

మూడో దారి: ఆ బొమ్మ వెనక పేజీ ఖాళీగా వదలడం. అప్పుడు పుస్తకం ఒక పేజీ పెరిగి ఆరు ఫారాలు దాటుతుంది. దాటకూడదంటే ఒక పేజీ రాత పోవాలి. ఒక సాయంత్రమంతా అయిదో అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తోటి వేషం వేసుకునేటప్పుడు కొడుకు ఏం ఆలోచించాడో అక్కడ పేజీ నిండా రాసి ఉంది. బొమ్మలో ఆ కుర్రాడి కళ్లు చూశాను, పేరా చదివాను, మళ్లీ కళ్లు చూశాను. పేరాలు చెబుతున్నదంతా ఆ కళ్లలో ఉంది. ఒకే ఒక్క వాక్యం ఉంచి మిగతాది తీసేశాను. ఆ పేజీ నాకు ఇష్టమైన పేజీ, చదివి వినిపిస్తే పెద్దమ్మ కూడా మెచ్చుకున్న పేజీ. అయినా తీశాను, ఎందుకంటే పుస్తకానికి ఇప్పుడు అది అవసరం లేదు.

మళ్లీ సరిగ్గా 96 పేజీలు. సవరించిన ఫైలు, కవర్ ఫైలు నిన్న సాయంత్రం ప్రెస్సుకు పంపాను. ఐఎస్‌బీఎన్ నంబరు ఇదివరకే వచ్చింది, కవర్ వెనక బార్‌కోడ్ పెట్టాను. మొదటి ఫారం అచ్చయ్యే రోజు మిషన్ దగ్గర నిలబడి నలుపు చూస్తానని అన్నకు చెప్పాను. మాస్టారి పుస్తకం మూడో ప్రూఫు ఈ వారం ముగించాలి, ఆ తర్వాత ఒక బొమ్మల రోజు. మాతంగి మీద నోట్సు మొదలుపెట్టాను.